పూర్తి చిరునామాతో చెప్పిన మనవి

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది మా చిన్నత్త. మా అత్తగారి చెల్లెలు. ఆమెకి రెండు గేదెలున్నాయి. బస్సులు ఆగినా, గుడులూ చర్చీలూ మూతపడినా గేదెల కడుపు ఆగదు గదా. కరోనా వచ్చి ఊరంతా తలుపులేసుకుని కూర్చున్న ఆ ఎండాకాలంలో కాలవ అవతల ఏం జరుగుతుందో తెలిసిన మనిషి మా ఇళ్ళల్లో ఆమె ఒక్కతే.

నేను అరుగు మీద కూర్చుని పొద్దుటి వాక్యం చదువుకుంటున్నాను. ఆమె బకెట్టు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, నా ఎదురుగా నిలబడింది.

"ఏమే, నువ్వు ఆమెన్ అనేలోపు ఆడ కల్లంలో జనం పోయేట్టున్నారు. ఉప్పూ మిరపకాయా నంజుకుని నీళ్ళు తాగుతున్నారు. ఒక కడుపుతో ఉన్న పిల్ల నా దగ్గరికొచ్చి, గంజి ఉంటే పోస్తావా అత్తా అనింది. గేదెలకి తీసుకెళ్తున్న కుడితి చూసి అడిగిందే."

నేను పుస్తకం మూశాను. ఆ పూట మళ్ళీ తెరవలేదు.

మా పల్నాడులో మిరప కోతలకి ఏటా పైనుంచి జనం వస్తారు. కర్నూలుకి పడమటి దిక్కున వానలు లేని ఊళ్ళు ఉన్నాయి. అక్కడి వాళ్ళు ఇళ్ళకి తాళాలేసి, ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ వంట సామానునీ లారీలకెక్కించుకుని వస్తారు. కాయ ఆరబోసే కల్లంలోనే కర్రలు పాతి, పైన పట్టాలు కప్పుకుని ఉంటారు. కోతలు అయిపోగానే మళ్ళీ లారీలెక్కి పోతారు. ఊళ్ళో సగం మందికి వాళ్ళ మొహాలు కూడా తెలియవు. నాకూ అంతకుముందు తెలియవు, నిజం చెప్పాలి గదా. ఆ యేడు కోతలు ముగిసే వేళకి దేశమంతా మూసేశారు. ఉగాది నాటికి రోడ్డు మీద చక్రం కదల్లేదు. లారీ మాట్లాడి వాళ్ళని తీసుకొచ్చిన మేస్త్రి ఫోన్ ఎత్తటం మానేశాడు. రేషను కార్డులు వాళ్ళ ఊళ్ళో ఉండిపోయాయి. పొలం రైతు మొదట్లో ఒక బస్తా బియ్యం ఇచ్చాడట. ఆయన కాయ కూడా కల్లంలోనే ఉండిపోయింది, గుంటూరు యార్డు మూతపడింది. ఇక ఆయన మాత్రం ఏం పెడతాడు.

మా చర్చి సంఘం ఆడవాళ్ళకి ఒక పాత ఆచారం ఉంది. పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం మా ప్రార్థన గుడికి తీసుకెళ్ళి కానుకగా పోస్తాం. ఇంట్లో గింజ లేకపోయినా ఆ డబ్బా ముట్టుకోం. మా అమ్మ ముట్టుకోలేదు, వాళ్ళమ్మా ముట్టుకోలేదు. గుడి మూసిన దగ్గర్నుంచీ ఎవరింట్లో వాళ్ళ పిడికెడు బియ్యం పేరుకుపోయి, పురుగు పట్టే స్థితికి వచ్చింది. పోసే చోటు లేదు, వండుకునే మనసు లేదు.

మా పాస్టరు అయ్యగారు అప్పుడు నర్సరావుపేటలో ఉన్నారు. పేట రెడ్ జోన్ అయింది, ఆయన వీధి మలుపు కూడా దాటలేరు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. మనం దాచింది ఎవరికోసమో ఇప్పటిదాకా తెలియదు, ఇప్పుడు తెలిసింది, తీసుకెళ్ళండమ్మా అన్నారు.

మరునాటి నుంచి నలుగురం ఆడవాళ్ళం మా పెరట్లో పొయ్యి పెట్టాం. పొద్దున తొమ్మిదింటిదాకే బయట తిరగనిచ్చేవాళ్ళు. చీకటితో లేచి అన్నం వార్చి, పప్పో పులుసో కాచి, పాత చీరలు చింపి మొహాలకి కట్టుకుని, కాలవ కట్ట మీద నడిచి వెళ్ళేవాళ్ళం. తూము దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు మమ్మల్ని చూసి తల అటు తిప్పుకునేవాడు. ఆయనకి ఇప్పటికీ నేను కృతజ్ఞురాలిని.

కల్లంలో అడుగుపెడితే ముందు పలకరించేది కాయ ఘాటు. ఎర్రగా, కంటికి ఆనినంత మేర కాయే. ఆ రోజుల్లో తుమ్మితే నేరం, దగ్గితే అంతకన్నా నేరం. అక్కడ తుమ్మకుండా ఒక నిమిషం నిలబడటం మాత్రం ఎవరి తరమూ కాదు. మేం వరసగా తుమ్ముతుంటే పిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళకి అలవాటైపోయింది. వాళ్ళ దగ్గు వేరు, లోపలెక్కడో గీరుకుపోతున్నట్టు పొడిగా ఉంటుంది. కోతల కాలమంతా కూలివాళ్ళు అలాగే దగ్గుతారు.

చిన్నత్త చెప్పిన పిల్ల ఆ చివరి పట్టా కింద ఉండేది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. తొలిచూలు. ఏడో నెలలో వచ్చి, తొమ్మిది పడేలోపు ఇల్లు చేరదామనుకున్నారట. బరువులు ఎత్తలేదు గనక ఆమెకి తాలుకాయ ఏరే పని ఇచ్చారు. మంచి కాయలోంచి రంగు పోయిన కాయని విడదీసి పక్కన పోయటం. పని అయిపోయినా ఆమె చేతులు ఊరుకునేవి కావు. నాతో మాట్లాడుతూనే ఏరుతూ ఉండేది. భర్త నెమ్మదస్తుడు, ఎప్పుడూ ఆమెకి నీడ వచ్చేట్టు పట్టా సర్దుతూ కనిపించేవాడు. అత్త మాత్రం గట్టి మనిషి. మొదటి రోజు మా అన్నం తీసుకోవటానికి ఆలోచించింది. ఇట్లా పెట్టేవాళ్ళు తర్వాత ఏదో ఒకటి అడుగుతారని వాళ్ళ ఊళ్ళో అంటారట. నేను ఏమీ అడగలేదు. మూడో రోజు ఆమే అన్నది, తమ ఎల్లమ్మకి మొక్కుకున్నాననీ, నన్ను మా ప్రభువుకి కూడా ఒక మాట చెప్పమనీ, ఇద్దరూ కలిసి చూసుకుంటారనీ. పక్కనే ఉన్న మా చిన్నత్త ఊరుకోదు గదా. ఇద్దరు నాయకులు కలిసి చూసుకుంటామన్న పని మా ఊళ్ళో ఇంతవరకు ఒక్కటీ కాలేదమ్మా అన్నది. ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె నవ్వటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆమెకి కావాల్సింది ఒకటే. కాన్పు అయ్యేదాకా కదలకుండా ఒక చోట ఉండాలి. మండలం ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి, రోజులు దగ్గర పడ్డాయి, నొప్పులొస్తే నాకు ఫోన్ చేయండి, బండి పంపిస్తాను, అంతవరకు ఎక్కడికీ కదిలించొద్దు అని కార్డు రాసిచ్చింది. ఆ కార్డు పట్టుకుని నేను రైతు ఇంటికి వెళ్ళాను. వాళ్ళది మా ఊళ్ళో పెద్ద కుటుంబం, సర్పంచి పదవి వాళ్ళింట్లోనూ వాళ్ళ ఎదుటి పార్టీ ఇంట్లోనూ వంతులు తిరుగుతుంది. ఆయన కార్డు చదివి నాకు తిరిగిచ్చాడు. కడుపుతో ఉన్న మనిషిని ఎండలోకి తోలతామా అమ్మాయ్, పురుడయ్యేదాకా ఉండనీయ్ అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని ఈ రోజుకీ నేను నమ్ముతాను.

అట్లా కొన్నాళ్ళు గడిచాయి. ఒక గురువారం వెళ్ళేసరికి ఆమె పడుకుని ఉంది. చేతుల్లో కాయ లేదు. ఒళ్ళు కాలుతోంది. దగ్గుతోంది. ముందురోజు మిట్టమధ్యాహ్నం రైతు మనుషులు కాయ తిరగబోస్తుంటే, ఊరికే కూర్చోలేక తనూ వెళ్ళి సాయం చేసిందట. అత్త తిడుతూనే తడిగుడ్డ వేస్తోంది. నేను నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆమెని పేట డ్యూటీకి వేశారు. నీళ్ళు బాగా తాగించమనీ, శనివారం పొద్దున తప్పకుండా వస్తాననీ చెప్పింది.

నా భయం కరోనా గురించి కాదు. నిండు చూలాలు, లోపల బిడ్డ ఎట్లా ఉందోనని.

ఇక్కడ మా ప్రార్థన కూడిక సంగతి చెప్పాలి. గుడి మూసిన దగ్గర్నుంచీ పొద్దున ఐదింటికి ఫోన్లోనే కలుసుకునేవాళ్ళం. అయ్యగారు పేట నుంచి, మేం ఊళ్ళోంచి, గురజాల, మాచర్ల, ముప్పాళ్ళ వైపు ఇచ్చిన మా ఆడపిల్లలు వాళ్ళ ఇళ్ళల్లోంచి, అందరం ఒకే కాల్‌లోకి వచ్చేవాళ్ళం. పాట, వాక్యం అయ్యాక మనవులు చెప్పుకునేవాళ్ళం. ఎవరికి ఏ ఇబ్బంది ఉంటే అది చెబితే, అందరూ దానికోసం ప్రార్థన చేస్తారు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన సంఘంలో వాక్యం బోధించే ఉపదేశి. పెరట్లో నాపరాయి మీద సుద్దతో అక్షరాలు దిద్దించాడు. అక్షరాలు ఎంత శ్రద్ధగా దిద్దించాడో ప్రార్థన చేయటం కూడా అంతే శ్రద్ధగా నేర్పాడు. ఊరూ పేరూ లేకుండా చేసిన మనవి చిరునామా లేని ఉత్తరం లాంటిదని అనేవాడు. ఎవరు, ఎవరి మనిషి, ఏ ఊరు, ఎక్కడ ఉన్నారు, ఏ జబ్బు, ఎన్నాళ్ళ నుంచి, ఇవన్నీ చెప్పాలి. మా సంఘమంతా అదే అలవాటు. పాతికేళ్ళ కిందటి మనవులు చెప్పమన్నా మా ఆడవాళ్ళు ఇంటిపేర్లతో సహా చెబుతారు. అట్లా చెప్పటం ప్రేమ అని మేం అనుకుంటాం. ఒక మనిషిని పూర్తిగా ఎత్తుకుని దేవుడి ముందు పెట్టినట్టు.

శుక్రవారం పొద్దున నా వంతు వచ్చింది. నేను ఆ పిల్ల పేరు చెప్పాను. భర్త పేరు, అత్త పేరు చెప్పాను. వాళ్ళ సొంత ఊరు చెప్పాను. మా ఊళ్ళో ఎవరి కల్లంలో ఉన్నారో, కాలవకి ఏ పక్కో, ఎన్నో పట్టానో చెప్పాను. నెలలు నిండాయి, నిన్నటి నుంచి జ్వరం, దగ్గు, కన్నీటితో అడగండి అన్నాను. అందరూ అడిగారు. మాచర్ల నుంచి ఒక పెద్దామె ఏడుస్తూ ప్రార్థన చేసింది. నా గుండె తేలికయింది. ఫోన్ పెట్టేసి, ఇంతమంది ఒక ఊరుగాని ఊరి పిల్ల కోసం అడిగారని దేవుడికి స్తోత్రం చెప్పుకుని, పొయ్యి వెలిగించాను.

ఆ రోజుల్లో ఫోన్లన్నీ అరుగుల మీద స్పీకర్లో మోగుతుండేవని నాకు తోచలేదు. ఫోన్ లేనివాళ్ళు ఉన్నవాళ్ళ చుట్టూ చేరి వినేవాళ్ళు. గోడకి అవతల నీళ్ళు పట్టుకునేవాళ్ళు కూడా వినేవాళ్ళు. అంతకన్నా ఇంకొకటి జరిగింది. వేరే ఊళ్ళో ఉన్న మా సంఘం అమ్మాయి ఒకామె, ఎంతో మంచి మనసుతోనే, నేను చెప్పిందంతా రాసుకుని, అత్యవసర ప్రార్థన మనవి అని తనకి తెలిసిన గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి పోయింది. మొదటి దాంట్లో జ్వరం, దగ్గు అనే ఉంది. మూడో చేతికి చేరేసరికి కరోనా అయింది. పేరూ కల్లమూ మాత్రం నేను చెప్పింది చెప్పినట్టే ఉన్నాయి. ఏడింటికల్లా అది మా ఊరికే తిరిగొచ్చింది. కింద, దయచేసి ప్రార్థించండి అన్న మాట కూడా అట్లాగే ఉంది.

నేను అన్నం వారుస్తుంటే చిన్నత్త వచ్చింది. చేతిలో బకెట్టు లేదు, వెనక గేదెలు లేవు.

"పొద్దున్నే ఫోన్లో ఏం చెప్పావే నువ్వు?"

చెప్పాను. ఆమె అట్లాగే పొయ్యి పక్కన చతికిలబడింది.

"దేవుడికి చెప్పాల్సింది ఊరికి చెప్పావు గదే."

నేను గంజి చేతులతోనే పరుగెత్తాను. నా కాలికి పరుగు రాదు, అయినా వెళ్ళాను. రామాలయం వీధి మొదట్లో అప్పటికే తుమ్మకంప అడ్డం వేశారు. మొన్నటి ఎలక్షన్ల నుంచీ ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీల పెద్దలూ ఒకే అరుగు మీద, దూరం దూరంగా, మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని కూర్చున్నారు. రైతు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

అది వడదెబ్బ జ్వరమని చెప్పాను. మిరప ఘాటుకి కల్లంలో అందరూ దగ్గుతారు, అది మీకు నాకన్నా తెలుసు బాబాయ్ అన్నాను. రేపు పొద్దున నర్సమ్మ వచ్చి చూస్తుంది, ఒక్క రోజు ఆగమని అడిగాను.

"మేమేమన్నా పుట్టించామా అమ్మాయ్? నీ నోటితో నువ్వే చెప్పావు. నా కల్లం అని కూడా చెప్పావు. ఇప్పుడు నా కాయ ముట్టుకునేదెవరు చెప్పు?"

"ప్రార్థన చేయమని చెప్పాను బాబాయ్."

"చేశారుగా. చాలా ఊళ్ళల్లో చేశారంట."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆయన కళ్ళల్లో నాకు కోపం కనిపించలేదు, భయమే కనిపించింది. ఒక ముసలాయన మాత్రం, ఒక్క రోజేగా, నర్సమ్మ వచ్చేదాకా చూద్దాం అన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. మధ్యాహ్నంలోపు కల్లం ఖాళీ చేయాలి, లేకపోతే ఫోన్ చేసి అందరినీ పేట క్వారంటైనుకి పంపించేస్తాం అన్నారు. ఆ మాట కల్లానికి నాకన్నా ముందే చేరింది. అక్కడికి తీసుకెళితే మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీస్తారని, పోయినవాళ్ళని మళ్ళీ చూపించరని వాళ్ళ ఫోన్లకి ఎవరో పంపారు. నేను వెళ్ళేసరికి మూటలు కట్టుకుంటున్నారు.

ఆమె లేచి కూర్చుని ఉంది. జుట్టు ముడేసుకుంటోంది. నేను నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. రాత్రే చెమటలు పట్టి జ్వరం దిగిపోయిందట. ఏ జ్వరం కోసం అన్ని ఊళ్ళు ఏడ్చాయో, ఏ జ్వరానికి మా ఊరు కంపలు నరికిందో ఆ జ్వరం అప్పటికి లేదు. నేను ఫోన్లో చెప్పే వేళకే లేదేమో. ఒక్క మాట ఇక్కడికొచ్చి కనుక్కుని చెప్పి ఉంటే.

ఆమె నావైపు చూసి అన్నది.

"అక్కా, నా పేరు మీ ఊరంతా తెలిసిపోయిందంట గదా."

చెప్పింది నేనేనని చెప్పాను. దాచలేదు. ఆమె జుట్టు ముడి బిగించుకుంది.

"మాకోసరమే గదా చెప్పినావు" అన్నది.

తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో. వాళ్ళత్త మాత్రం నా మొహం చూడలేదు. ముందురోజు మేం వదిలి వెళ్ళిన గిన్నె శుభ్రంగా తోమి, బోర్లించి పెట్టింది. దాన్ని నా చేతికిచ్చి, చేసిన మేలు చాలు తల్లీ అన్నది. అందులో ఎగతాళి లేదు. నిజంగానే చాలు అనుకుని అన్నది.

నర్సమ్మ ఫోన్ కలవలేదు. 108కి ఫోన్ చేస్తే నొప్పులు మొదలయ్యాయా అని అడిగారు. లేవన్నాను. మొదలయ్యాక చేయమన్నారు. ఆటోవాళ్ళు ఎవరూ రాలేదు. పేట దగ్గర్నుంచి బోరు మోటార్లు బాగు చేయటానికి పాసు మీద తిరిగే సాయిబు ఒకాయన ఆ రోజు పక్క పొలంలో ఉన్నాడు. ఆయనకి సంగతి తెలిసి, మోటారు దించేసి, తన ట్రాలీ ఆటో తెచ్చి కల్లం పక్కన ఆపాడు. ఆసుపత్రి దాకా తీసుకెళ్దామన్నాడు. ఆమెనీ అత్తనీ ఎక్కించుకుని వెళ్ళాడు. మండలానికి పోయే దారిలో పక్క ఊరివాళ్ళు రోడ్డుకి అడ్డంగా నాపరాళ్ళు పేర్చి కూర్చున్నారు. వాళ్ళ ఫోన్లకీ ఆ పేరు చేరింది. ఆయన ఎంత చెప్పినా వినలేదు. బండి తిప్పి, తన పాసు చెల్లినంత దూరం తీసుకెళ్ళి వినుకొండ వైపు దారిలో వదిలిపెట్టటం ఒక్కటే ఆయన చేయగలిగింది. మిగతావాళ్ళు వెనక నడిచి వచ్చి కలుసుకున్నారు.

నేనూ చిన్నత్తా కట్ట మీదుగా అక్కడిదాకా వెళ్ళాం. ఇంట్లో మిగిలిన పిడికెడు బియ్యమంతా మూట కట్టి ఇచ్చాను. మెత్తబడిన పాత చీర ఒకటి, కొత్త బ్లేడు ఒకటి, మరిగే నీళ్ళలో వేసి ఆరబెట్టిన దారం ఒక గుడ్డలో చుట్టి ఇచ్చాను. అది ఎందుకో వాళ్ళత్త చూసి అర్థం చేసుకుని రొండిన దోపుకుంది. ఆ పిల్ల చెప్పులు తెగిపోయి ఉన్నాయి. చిన్నత్త తన కాళ్ళవి విడిచి, ఆమె కాళ్ళ ముందు పెట్టి, పెద్దవైతే గుడ్డ పెట్టుకుని తొడుక్కోవే అని విసుక్కున్నట్టు అన్నది. తర్వాత ఇంటిదాకా తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడిచింది.

నర్సమ్మ చెప్పినట్టే శనివారం పొద్దున వచ్చింది. ఖాళీ పట్టాల కింద నిలబడి నన్ను చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల భర్త నంబరు నా దగ్గరుంది. ఆదివారం ఫోన్ చేస్తే వినుకొండ దాటామన్నాడు, బాగానే ఉంది అన్నాడు. రెండు రోజులాగి చేశాను. మార్కాపురం వైపు ఉన్నారట. ఉల్లిగడ్డల లారీ ఒకటి ఆగి ఆడవాళ్ళని కాస్త దూరం ఎక్కించుకుందట. నొప్పులేమన్నా వస్తున్నాయా అని అడిగాను. నడుము గుంజుతోందంట అక్కా అన్నాడు. ముందు ఆసుపత్రి ఎక్కడుంటే అక్కడ ఆగండి నాయనా అన్నాను. ఆగుతామన్నాడు. వాళ్ళ ముందున్నది నల్లమల. మరునాడు ఫోన్ మోగింది, ఎత్తలేదు. ఆ మరునాటి నుంచి మోగలేదు. ఇప్పుడు చేస్తే ఆ నంబరు లేదని చెబుతుంది.

మా ఊళ్ళో ఆ నెలలో ఎవరికీ ఏమీ కాలేదు. రైతు కాయ ఎండాకాలం చివర్లో అమ్ముడుపోయింది. తరవాతి యేడు కోతలప్పుడు నేను కట్ట మీద పోతుంటే ఆయన కల్లంలోంచి కేకేసి ఆపాడు. దగ్గరికొచ్చి, ఆ పిల్లకి ఏమైందో నీకేమన్నా తెలిసిందా అమ్మాయ్ అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన కాలితో కాయని అటూ ఇటూ నెడుతూ, సరే పో, ఎండగా ఉంది అన్నాడు.

అయ్యగారికి నేను అంతా ఒప్పుకున్నాను. కూడికలో కూడా ఒప్పుకున్నాను. రాసి పంపిన అమ్మాయి నాకన్నా ఎక్కువ ఏడ్చింది. దేవుడు క్షమించాడమ్మా అని అయ్యగారు అన్నారు. క్షమించాడనే నమ్ముతున్నాను. అందులో నాకు సందేహం లేదు. ఆయన క్షమించటం వేరు, ఆమె ఏ చెట్టు కింద ఆగిందో నాకు తెలియకపోవటం వేరు. మొదటిది రెండోదాన్ని చెరపటం లేదు.

నాకు పడుకోబోయే ముందు ఆ రోజు అందిన మేళ్ళు ఒక్కొక్కటీ తలుచుకుని కృతజ్ఞత చెప్పే అలవాటు. ఆ ఎండాకాలం గురించి కూడా చెబుతాను. తల తిప్పుకున్న కానిస్టేబులుకి, మోటారు వదిలేసి వచ్చిన సాయిబుకి, నేను ఎన్నడూ చూడని ఆ ఉల్లిగడ్డల లారీ డ్రైవరుకి, ఒక్క రోజు ఆగమన్న ముసలాయనకి. మా పొయ్యి దగ్గర పొగ తిన్న ముగ్గురు ఆడవాళ్ళకి. ఆమె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. బతికి ఉందనుకుని స్తోత్రం చెప్పాలా, బతికించమని అడగాలా తెలియదు. కొన్నాళ్ళు ఒకటి, కొన్నాళ్ళు ఇంకొకటి.

ఏటా మాఘమాసంలో పైనుంచి లారీలు వస్తాయి. దిగినవాళ్ళకి మజ్జిగ తీసుకెళ్ళి, మీది ఏ ఊరమ్మా అని అడుగుతాను. ఆ పిల్ల ఊరివాళ్ళు ఇంతవరకు తగల్లేదు. మా పక్కకి మళ్ళీ రారేమో, వాళ్ళ చోట నేనైతే రాను. మొన్న ఒక ముసలామెకి కథంతా చెప్పాను, పేర్లు లేకుండా. ఆమె మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి, ఆ యేడు మా తట్టు చానామంది దోవలోనే కన్నారు తల్లీ, కొందరు బతికినారు, కొందరు పోయినారు అన్నది. నన్ను ఊరడించటానికి కూడా అబద్ధం చెప్పలేదు. అందుకు ఆమెకీ కృతజ్ఞతే.

ఇది చదివే అక్కలనీ అన్నలనీ ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, ఎవరినీ కొలవనివారైనా, ఆ పిల్లని ఒక్కసారి తలుచుకోండి. పేరు చెప్పను. ఊరు చెప్పను. నెలలు నిండిన ఒంటితో, పెద్ద చెప్పులు తొడుక్కుని, అత్త చెయ్యి పట్టుకుని వినుకొండ దారిన నడిచిపోయింది. ఆ ఆనవాలు చాలు, తలుచుకునేవారికి తెలుస్తుంది. పైకి అనొద్దు. మీ మనసులో మీరే, పెదవి కదలకుండా తలుచుకోండి.